పొద్దుకంటే ముందు లేచే మనిషి

అరసవల్లి,
19-11-1967, ఆదివారం.

మహారాజశ్రీ అన్నయ్య జగన్నాధం గారికి, చెల్లెలు చిన్నతల్లి దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వూ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే కదా నేర్పావు, అందుకని రాశాను. మా క్షేమంలో క్షేమం ఎంత ఉందో మాత్రం కిందదాకా చదివి నువ్వే చెప్పాలి. విజయనగరంలో అంత పెద్ద డాక్టరు గారి దగ్గర కాంపౌండరువి, నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

ముందు మంచి కబురు రాస్తాను. మీ బావకి భక్తి పట్టింది.

నవ్వకు, నిజంగానే పట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మనిషిని గుడికి తీసుకెళ్లాలంటే నా తాతలు దిగొచ్చేవారు. గుడిగంట మా పెరట్లోకి వినిపిస్తుందా, అయినా ఆయన దండం పెట్టేది తన కుట్టుమిషనుకొక్కదానికే. ఆదివారం నాడు ఊరూరి నుంచీ జనం ఉప్పు మానేసి ఇక్కడికి వచ్చి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటూ ఉంటే, ఈయన మాత్రం ఎండుచేప వేయించమని నా ప్రాణం తీసేవాడు. ఇక నిద్ర సంగతి నీకు తెలియనిదేముంది! బేరాలొచ్చి అరుగు మీద కూర్చుంటే, నేను చెంబుతో నీళ్లు తెచ్చి మొహాన చిలకరిస్తే గాని లేచేవాడు కాదు. కిందటేడు నువ్వొచ్చి మా ఇంట్లో పడుకున్న రాత్రి ఆయన గురకకి తట్టుకోలేక చాప చంకన పెట్టుకుని వీధరుగు మీదకి పోయావు.

అలాంటి మనిషి కార్తీకం వచ్చిన దగ్గర్నుంచీ కోడికంటే ముందు లేస్తున్నాడు. చన్నీళ్లు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, చీకట్లోనే తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోతున్నాడు. బాగా తెల్లవారాక నుదుట కుంకుమ బొట్టుతో తిరిగొస్తాడు. మొదటిరోజు ఎక్కడికెళ్లావని అడిగితే, ఎక్కడికెల్తానే, దేవుడి దగ్గిరికే అన్నాడు. ఆ తరవాత నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా అత్త గున్నమ్మ సంతోషం చూడాలి నువ్వు. ఆవిడ వీధి వీధంతా తిరిగి, నా కొడుకుని సూర్నారాయణమూర్తి పిలిసినాడు, పెపంచకంలో ఎవురికి దక్కుతాదమ్మా ఈ బాగ్గెం అని ఒకటే చెప్పడం. నిన్న మొన్నటి వరకూ అప్పలసూరీ అని కేకేసి పిలిచేవాళ్లు ఇప్పుడు స్వామీ అంటున్నారు. ఎదురింటి మరిడమ్మ జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టమంది. మీ బావ దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. చెయ్యి పెట్టినట్టే పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. ఒలమ్మో, ఎంత వినయమో చూసినారా అంది మరిడమ్మ.

ఇంతవరకూ మంచి కబురే. ఇక నా గుబులు విను.

అన్నయ్యా, ఆ మనిషి దేవుడి కోసం నిద్ర మానేస్తున్నాడా, నిద్ర రాక దేవుడి దగ్గరికి పోతున్నాడా అన్నది నాకు తేలడం లేదు. పెందరాళే పడుకుంటాడు, కాసేపు కునుకు పడుతుంది, ఆ తరవాత చూస్తే కళ్లు తెరుచుకుని వాసాలకేసి చూస్తూ ఉంటాడు. గురక మాట అటుంచు, ఊపిరి తీసుకుంటున్న అలికిడి కూడా ఉండదు. ఆ గురక లేక నాకు నిద్ర చెడుతోందంటే నువ్వు నమ్ముతావో లేదో. ఆదివారం ఉప్పు మానేస్తే మొక్కు అనుకోవచ్చు, ఈయనకి మిగతా రోజుల్లోనూ కూడు సయించడం లేదు. చోడి అంబలి పోసిస్తే చల్లారి తొరక కట్టేదాకా చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. కిందటి వారం కరణం గారబ్బాయి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. నేను ఊరుకుంటానా, కరణం గారబ్బాయికి రెండు ఎడమ చేతులున్నాయని నాకు తెలీదే అని ఆటపట్టించాను. పూర్వమైతే నాకు మించి నాలుగు అనేవాడు. ఇప్పుడు ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని, నాను దేనికీ పనికిరానే అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

భక్తి పడితే మొహం వెలగాలి కదా? ఈయన మొహం రోజురోజుకీ మసిబారిపోతోంది. నేను సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదు. మీ డాక్టరు గారిని పేరు చెప్పకుండా, ఎవరి గురించో అడిగినట్టు అడుగు. కార్డు మీద మాత్రం రాయకు. మా పోస్టుబంట్రోతు ముందు తను చదువుకుని, వీధికంతా వినిపించి, ఆ తరవాత నాకిస్తాడు.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు
చిన్నతల్లి

ఇంకో మాట: నీకు గుడి ప్రసాదం పంపుదామనుకున్నాను. ఇన్నాళ్లలో మీ బావ ఒక్కనాడైనా తెచ్చిన పాపాన పోలేదు. దారిలోనే తినేస్తున్నాడనుకుందామంటే తిండి మీద ధ్యాసే లేదాయె.

---

అరసవల్లి,
17-12-1967.

అన్నయ్య గారికి చిన్నతల్లి నమస్కారాలు. నీ కవరు అందింది. ఇంటిల్లిపాదీ క్షేమమని రాశావు, చాలా సంతోషం. మేమూ తింటున్నాం, తిరుగుతున్నాం. ఒక్కరు తప్ప నిద్రా పోతున్నాం.

కొన్నాళ్లు కనిపెట్టి చూడమని మీ డాక్టరు గారు అన్నారని రాశావు. కనిపెట్టాను. సాయంత్రమయ్యేసరికి మీ బావ బానే ఉంటున్నాడు. దీపాలు పెట్టే వేళకి కాస్త నోరు విప్పుతాడు, నాలుగు ముద్దలు తింటాడు. మొన్న మా నీలవేణి గుడ్డముక్కలతో బొమ్మకి లంగా కుడుతూ ఉంటే, ఒలే గుంటా, కుచ్చిళ్లు అలగ కాదే, ఇలగ అని పక్కన కూర్చుని పెట్టించాడు. కూతురు నవ్వింది, ఆయనా నవ్వాడు. గండం గడిచిందని నేను పొంగిపోయాను. మర్నాడు పొద్దున్న మళ్లీ మొదటికొచ్చింది. ఆ నవ్విన మనిషి ఈ మనిషేనా అనిపించింది.

ఇప్పుడు ధనుర్మాసం కదా, వీధిలో అందరూ చీకటితోనే లేస్తున్నారు. అందుకని ఈయన సంగతి ఎవరికీ వింతగా లేదు. పైగా పెద్దలంతా మా అరుగు మీద కూడి, వచ్చే రథసప్తమి నాడు భజన బృందానికి ముందర స్వామినే నడిపిస్తామని, మెడలో దండ వేసి ఊరేగింపుగా గుడికి తీసుకెళ్తామని తీర్మానం చేశారు. మా అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ బావ ఒద్దు బాబూ, నాను పాపిష్టోడిని, నన్ను ఒగ్గేయండి అని రెండు చేతులూ జోడించాడు. అలా అనేకొద్దీ వాళ్లకి గురి పెరిగిపోయింది. నాకు మాత్రం ఆ మాట ఆయన వినయానికి అన్నట్టు వినిపించలేదు. ఎవరో తన మీద నేరం మోపితే ఒప్పుకుంటున్నట్టు వినిపించింది.

కొట్టు తీయడం దాదాపు మానేశాడు. తన పెద్ద కత్తెర ఉంది చూశావూ, నీలవేణిని కూడా ముట్టుకోనివ్వని కత్తెర, అది తీసుకెళ్లి బజారులో టైలరు జోగయ్యకి ఇచ్చేశాడు. ఎవరికి? మా బేరాలన్నీ లాక్కుంటున్నాడని ఇన్నేళ్లూ ఎవర్ని తిట్టాడో ఆ జోగయ్యకి! అదేటి మావా అని నేను లబలబలాడితే, ఆడికి పనికొస్తాది కదే అన్నాడు. ఇది త్యాగమే అంది అత్త. కావచ్చు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

కానీ ఒక సంగతి నాకు నచ్చింది, దాస్తే పాపం. ఆయన నాకు మిషను నేర్పుతున్నాడు. ఇన్నేళ్లుగా బతిమాలినా, ఆడదానివి నీకేటికే అన్నవాడు ఇప్పుడు తనే పిలిచి, దారం ఎక్కించడం, బాబిను చుట్టడం, తిన్నగా కుట్టు వేయడం, కాజాలు కుట్టడం, పంచెల అంచులకి చేతికుట్టు వేయడం అన్నీ వరసగా నేర్పుతున్నాడు. తప్పు కుట్టినా కసరడం లేదు. నేరుసుకోయే, రేపు పనికొస్తాది అంటాడు. మధ్యాహ్నం పూట అలా పక్కన కూర్చుంటే కొత్తగా పెళ్లయిన రోజులు గుర్తొచ్చాయి. నవ్వుకో పరవాలేదు.

మా వీధి కూర్మయ్య రేపు బస్సులో విజయనగరం వస్తున్నాడు. అతని చేతికి మీ బావ తన చేతివాచీ ఇచ్చి నీకు పంపుతున్నాడు. మా పెళ్లికి నువ్వు పెట్టిన వాచీయే. ఎందుకంటే, పొద్దు పొడవడం తెలిస్తే సాలు, నాకింక వాచీ ఏటికి అన్నాడు. బావ ప్రేమగా పంపుతున్నాడు, కాదనకుండా పెట్టుకో. చూసి, అందినట్టు రాయి.

ఇట్లు,
చిన్నతల్లి

మరిచాను: కార్తీకం వెళ్లాక ఆయన చొక్కాలు ఉతకడానికి తీస్తూంటే జేబులన్నీ కుంకుమ మరకలే. సబ్బు పెట్టి బాదినా పోవడం లేదు. విబూది పొట్లమో కుంకుమ పొట్లమో జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టున్నాడు.

---

అరసవల్లి,
3-1-1968.

అన్నయ్యా,

ఈసారి క్షేమసమాచారాలు రాయను. నీ ఉత్తరం చదివాను.

వాచీ చూసి నువ్వు సంతోషిస్తావనుకున్నాను. సంతోషించకపోగా డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తావు. కత్తెర ఇచ్చేసినవాడు, వాచీ ఇచ్చేసినవాడు, పెళ్లానికి బతుకుతెరువు నేర్పుతున్నవాడు సన్యాసి కాడయ్యా, తన సామాను సర్దుకుంటున్నాడు అన్నారట ఆయన. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేసి పొయ్యి దగ్గర కూలబడ్డాను. ఇదంతా కళ్ల ముందే జరిగింది. మిషను తొక్కడం వచ్చిందని మురిసిపోతూ కూర్చున్నాను నేను.

డాక్టరు గారు అడగమన్న మూడు మాటలూ అడిగాను. మా అత్త మరిడమ్మ ఇంటికి వెళ్లిన వేళ చూసి, మధ్యాహ్నం మిషను దగ్గర కూర్చుని అడిగాను.

ఇష్టపడి లేస్తున్నావా, నిద్ర రాకనా అన్నది మొదటిది. లేవాలని లేవనే, కళ్లు వాటంతటవే ఇడిపోతాయి, ఆ తరవాత ఎవులో గుండెల మీద కూకున్నట్టుంటాది అన్నాడు. అసలు ముందు చెడింది నిద్రేనట. ఊడుపుల కాలం నుంచీ ఇలాగే ఉందట. అప్పటికింకా మనసు బానే ఉండేదట. నిద్ర పోగాపోగా తిండి మీద ఇష్టం పోయిందట, తరవాత పని మీద, ఆ తరవాత అన్నిటి మీదా. నాకెందుకు చెప్పలేదంటే, నిద్దర రానేదని సెప్పుకోడానికి అదేటి రోగమా అన్నాడు.

ఏ వేళ మరీ కష్టంగా ఉంటుంది అన్నది రెండోది. తెల్లారబోయే ముందు చీకట్లో అన్నాడు. అప్పుడు ఇంట్లో ఉండలేడట. పొద్దెక్కేకొద్దీ ఆ బరువు కాస్త సడలుతుందట. సాయంత్రానికి మనిషినవుతానే, మల్లీ రాత్రి వస్తాదంటే బయ్యమేస్తాది అన్నాడు. డాక్టరు గారు సరిగ్గా ఇలాగే ఉంటుందన్నారని నువ్వు రాశావు. అక్కడ కూర్చుని ఆయనకెలా తెలిసిందో!

మూడోది అడగడానికి వెనకాడాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని నాకు భయం. అలా ఏమీ కాదు, అడగకపోవడమే ప్రమాదం అని నువ్వు గీత గీసి మరీ రాశావు కాబట్టి అడిగాను. మావా, లేకుండా పోవాలని ఉంటోందా నీకు అన్నాను.

చేతిలో ఉన్న దారపు ఉండ నా ఒళ్లో పెట్టాడు. నీకు మిషను బానే వచ్చీసినాది కదే అన్నాడు.

అన్నయ్యా, అదే ఆయన జవాబు.

అత్తతో చెప్పి చూశాను. డాక్టరు పేరెత్తగానే తోక తొక్కినట్టు లేచింది. దేవుడు పిలస్తన్నోడికి సూదులు పొడిపిస్తావేటే, పిచ్చోడని పేరెట్టి నా కొడుకు పరువు తీస్తావేటే అని ఏడ్చింది. ఆవిడ చెడ్డది కాదు. కొడుకుని వీధి వీధంతా మొక్కుతుంటే ఏ తల్లికైనా అది జబ్బని ఎలా మింగుడుపడుతుంది? కానీ ఆవిడని ఒప్పించేదాకా ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు.

నాలుగు రాత్రుల నుంచీ నా కొంగు ఆయన పంచెకి ముడి వేసుకుని పడుకుంటున్నాను. లేచి చూసేసరికి ముడి విప్పేసి ఉంటుంది, మనిషి ఉండడు. దర్జీవాడికి ముడి విప్పడం ఒక పనా? అందుకని ఇవాళ ఒక నిర్ణయానికొచ్చాను. ఆయన నేర్పిన చేతికుట్టే, దగ్గర దగ్గరగా వేసి, నా కొంగునీ ఆయన పంచెనీ కలిపి కుట్టేస్తాను. తెంపాలంటే కత్తెర కావాలి. కత్తెర జోగయ్య దగ్గరుంది.

ఉత్తరం రాయకు. బయల్దేరి రా. నాకెంత వచ్చినా చేతికుట్టు చేతికుట్టే, ఎన్నాళ్లు ఆపుతుంది?

చిన్నతల్లి

---

అరసవల్లి,
9-2-1968.

మహారాజశ్రీ అన్నయ్య గారికి, చెల్లెలు చిన్నతల్లి దండాలు. ఈసారి మేము క్షేమం అని రాస్తున్నాను, మర్యాదకి రాయడం కాదు. ఇంకా పూర్తి క్షేమం కాదు గాని ఆ దారినే ఉన్నాం.

ముందు నీకు దండం. ఆ రోజు నువ్వు బస్సు దిగి, ఇంట్లోకి రాగానే మా అత్త కాళ్లకి మొక్కి, అత్తా, బావకి సింహాచలం మొక్కొకటి ఉండిపోయింది, అప్పన్న కలలో కనిపించి అడిగాడు, ఇప్పుడే తీసుకెళ్లాలి అన్నావు చూడు, నాకు ఏడుపులో నవ్వొచ్చింది. ఆవిడ మారుమాట లేకుండా దారికి అటుకులు మూట కట్టి ఇచ్చింది. ఆవిడ భక్తే ఆవిడ కొడుకుని ఆసుపత్రికి పంపింది. సింహాచలం కూడా వెళ్లొచ్చాం కాబట్టి మరీ అబద్ధం కాదులే.

విశాఖపట్నం డాక్టరు గారు చెప్పినట్టే చేస్తున్నాను. మందు వెంటనే పనిచెయ్యదు, కొన్ని వారాలు పడుతుంది, ముందు నిద్ర తిరిగొస్తుంది, మనసు తరవాత మెల్లిగా వస్తుంది, అంతవరకూ తెల్లవారుజామున ఒంటరిగా ఒదలొద్దు అన్నారు కదా. ఒదల్లేదు. మొదట్లో మాత్రలు వేసుకుంటే నోరు ఎండిపోతోందని, తల తిరుగుతోందని మానేస్తానన్నాడు. నేను ఏడ్చి, తిట్టి, నీలవేణి మీద ఒట్టు వేయించి మింగించాను. మా అత్త అవి అప్పన్న ప్రసాదం మాత్రలనుకుంటోంది. రోజూ ఆవిడే తులసి నీళ్లతో వేయిస్తోంది, ఒక్క పూటా తప్పనివ్వదు. చెప్పేద్దామా అనుకున్నాను గాని, ఇంత జాగ్రత్త నాకు కూడా చేత కాదు కాబట్టి ఊరుకున్నాను.

అయినా నెలంతా నాకు భయమే. ఒక రాత్రి నిద్రపోతే ఆశ, మర్నాడు చీకట్లో కళ్లు తెరుచుకుని కనిపిస్తే మళ్లీ గుండెల్లో రాయి. ఇలా ఉంటుండగా రథసప్తమి వచ్చింది.

నీకు తెలుసుగా ఆ రోజు ఇక్కడ ఎలా ఉంటుందో. ముందు రోజు సాయంత్రం నుంచే బళ్లు, బస్సులు, డప్పులు, తప్పిపోయిన పిల్లల ఏడుపులు. ఇసక వేస్తే రాలదు. ప్రపంచమంతా మేలుకుని ఉండే రాత్రి అది. మా వీధి పెద్దలు దండ పట్టుకుని, తాళాలు వాయించుకుంటూ, ఇంకా వెలుగు రాకముందే మా గుమ్మంలోకి వచ్చేశారు. ఇన్నాళ్లూ నన్ను తినేసిన రోజు అదే. ఆయన్ని ఏమని చెప్పి ఆపాలి, ఆ దండ మెడలో పడితే ఆయన ఏమైపోతాడు అని ఒకటే దిగులు. గదిలోకి తొంగి చూశాను.

అన్నయ్యా, ఆయన గురక పెడుతున్నాడు.

నువ్వు వీధరుగు మీదకి పారిపోయిన గురక అది. బయట డప్పులు, లోపల ఇది. నా వెనకే మా అత్త వచ్చింది. కొడుకుని లేపడానికి వచ్చిందనుకుని అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ నన్ను తప్పించుకుని లోపలికెళ్లి, వంగి, కొడుకు మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కళ్లకింద నలుపు ఆవిడకీ అప్పుడే కనిపించిందో ఏమో. తిన్నగా వీధి గుమ్మంలోకి వెళ్లి, రెండు చేతులూ ద్వారబంధాలకి పెట్టి, నా కొడుకు నిద్దరోతన్నాడు, ఎల్లండి బాబూ, ఎల్లండి, ఆ తాళాలు ఆపండి అంది. రథసప్తమి నాడు స్వామి నిద్రపోవడమేమిటని పెద్దలు నోళ్లు వెళ్లబెట్టారు. మొక్కు తీరిపోనాది, ఆ దండ దేవుడికే వేసుకోండి అని తలుపేసేసింది.

ఆ తరవాత ఎండ వచ్చింది. కిటికీలోంచి తిన్నగా ఆయన మొహం మీద పడింది. ఊరంతా గుళ్లో సూర్యుడి కోసం తోసుకుంటూ ఉంటే, మా అత్త ఆ సూర్యుడికి అడ్డంగా కొంగు పట్టుకుని, కొడుకు లేచేదాకా కిటికీ దగ్గర నిలబడింది. ఇంకేదీ అడగలేదు. ఆవిడకి ఎంత తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేనూ అడగలేదు.

లేవగానే మీ బావ ఆకలేస్తోందన్నాడు. మొన్న జోగయ్య దగ్గరికి వెళ్లి కత్తెర తెచ్చుకున్నాడు. జోగయ్య దాన్ని సానబెట్టించి మరీ ఇచ్చాడట, ఇక మీద అతన్ని తిట్టడం కష్టమే. కరణం గారబ్బాయి చొక్కా కుట్లు విప్పి కుడిచెయ్యి కుట్టాడు. అన్నీ బాగయ్యాయని కాదు. కొన్ని పొద్దుటిపూటలు ఇంకా మబ్బుగానే ఉంటాడు, నేను పక్కన కూర్చుంటాను. వచ్చే నెల విశాఖపట్నం మళ్లీ తీసుకెళ్లాలి, నీకు సెలవు దొరుకుతుందా?

వదినకి నమస్కారాలు. పిల్లలకి నీలవేణి బొమ్మ లంగాలు కుట్టి పంపుతోంది.

ఇట్లు,
నీ చెల్లెలు
చిన్నతల్లి

తా.క.: ఈ ముక్క చదివాక ఉత్తరం పొయ్యిలో పెట్టు. నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటుంది. ఎవరికీ చెప్పనని ఆయనకి మాటిచ్చాను. నిన్న ఆయనే, మీ అన్నయ్యకి రాసెయ్యే అన్నాడు.

మీ బావ ఒక్కనాడు కూడా గుడికి వెళ్లలేదు. ఇన్నాళ్లూ చీకట్లో వెళ్లింది నాగావళి వంతెన మీదకి. కొంగు కలిపి కుట్టేసిన రాత్రి మెలకువ వచ్చి, లేవబోయి, కుట్టు చూసుకున్నాడు. చేత్తో తడిమి, నీకు బానే వచ్చినాదే కుట్టు అని, పసిపిల్లాడిలా ఏడ్చి, అప్పుడు చెప్పాడు. నేను కంగారుపడకూడదని కుంకుమ పొట్లం జేబులో పెట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు తనే బొట్టు పెట్టుకునేవాడట. అందుకే ప్రసాదం ఉండేది కాదు.

మరి రోజూ ఎలా తిరిగొచ్చావు మావా అని అడిగాను. నీళ్లకేసి సూస్తా నిలబడేవోడినే, ఈలోగా తెల్లారిపోయేది, ఎలుగు మొహాన పడితే బరువు ఈసమంత తగ్గేది, ఇయ్యాలకి ఇంటికెల్దాం, రేపు సూసుకుందాం అనుకునేవోడిని అన్నాడు. రోజూ అంతే. ఆయన తేల్చుకునేలోగా పొద్దు పొడిచేసేది.

సూర్యనారాయణమూర్తి దర్శనానికి వెళ్లేవాడని వీధికి చెప్పాం. అది అబద్ధమో నిజమో నాకిప్పుడు తెలియడం లేదు. రథసప్తమి మర్నాడు నేనొక్కదాన్నే గుడికెళ్లి, ఆయన తరఫున కొబ్బరికాయ కొట్టొచ్చాను.

ఇంకొకటి. మీ బావ తన వాచీ తిరిగి కావాలంటున్నాడు. నిన్ను అడగడానికి సిగ్గుపడుతున్నాడు. కూర్మయ్య మంగళవారం అక్కడికి వస్తాడు, అతని చేతికిచ్చి తప్పకుండా పంపు.